గవ్వలు పడ్డాక ఏ కాయ కదపాలి?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ గూఢచారి కథ రెండుసార్లు చదివాను. సగం దాకా పుస్తకం కింద పెట్టబుద్ధి కాలేదు. ఆ తర్వాత తరుముకొస్తున్న శత్రువుల కారు టైరు పేలింది, ఇంకో రెండు పేజీలకు సరిగ్గా కావలసిన క్షణంలో కరెంటు పోయింది. అక్కడితో నాకు టెన్షన్ పోయింది. నీకు మంచి చెయ్యి ఉంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

అష్టాచెమ్మా ఆడావా? ఆడకపోతే ఈ సెలవుల్లో మీ అమ్మమ్మగారి పక్కన కూర్చుని ఆడు. 25 గళ్లు, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్లు; అన్నీ వెల్లకిలా పడితే చెమ్మా అంటే నాలుగు, అన్నీ బోర్లా పడితే అష్టా అంటే ఎనిమిది. గవ్వ ఎటైనా సమానంగా పడుతుందనుకుంటే మొత్తం 16 రకాలు. వాటిలో ఆరు రకాలుగా రెండు పడుతుంది, అష్టాకు మాత్రం ఒక్కటే దారి. అందుకే ఆట తెలిసినవాళ్లు ఎదుటివాళ్ల కాయకు సరిగ్గా రెండు గళ్ల ముందు తమ కాయను వదిలిపెట్టరు. గవ్వ మన మాట వినదు, నిజమే. ఏ కాయ కదపాలో మాత్రం మనమే చూసుకోవాలి.

వామనగుంటల్లో పిక్కలన్నీ కళ్ల ముందే ఉంటాయి, అదృష్టానికి చోటే లేదు. వైకుంఠపాళిలో ఎంచుకోవడానికి ఏమీ లేదు, పాము మింగితే దిగడమే. నీ కథ రెండో సగం వైకుంఠపాళి అయిపోయింది. పైగా నిచ్చెనలన్నీ హీరోకే పెట్టావు.

విరాటపర్వం మళ్లీ చదువు. జూదంలో సర్వం పోగొట్టుకున్న ధర్మరాజు అరణ్యవాసంలో బృహదశ్వుడనే ముని దగ్గర అక్షహృదయం, అంటే పాచికల విద్య, నేర్చుకున్నాడు. తనను ముంచిన ఆటనే వేషంగా చేసుకుని, కంకుభట్టుగా విరాటుడి కొలువులో చేరాడు. మారువేషానికి ఇంతకంటే మంచి ఎత్తు నాకు తెలియదు! ఒకనాడు ఆట మధ్యలో రాజు కొడుకు గెలుపును పొగుడుతుంటే ఈయన బృహన్నలను పొగిడాడు. విరాటుడు కోపంతో పాచికను ముఖాన విసిరాడు. ముక్కు నుంచి రక్తం కారింది. నేల మీద పడకుండా ధర్మరాజు చేతులు పడితే, సైరంధ్రి పాత్ర పట్టింది. అదే సమయానికి ఉత్తరుడు, బృహన్నల వాకిట్లోకి వచ్చారు. ఆ రక్తం అర్జునుడి కంటపడితే విరాటుడు బతకడు. ఉత్తరుణ్ని ఒక్కణ్నే లోపలికి పంపమని ధర్మరాజు ద్వారపాలకుడి చెవిలో చెప్పాడు. దెబ్బ అనుకోనిది, కదిపిన కాయ మాత్రం ఆయనది.

1983లో వచ్చిన బాండ్ సినిమా ఆక్టోపసీలో ఉదయ్‌పూర్‌లో తీసిన సన్నివేశాలున్నాయి. అందులో పాచికల ఆట ఒకటి ఉంది, చూడు. విలన్‌కు కావలసినప్పుడల్లా రెండు ఆర్లు పడుతుంటాయి. బాండ్ ఆ పాచికలతోనే వేస్తానంటాడు. అతని గెలుపు అదృష్టం కాదు, గమనించడం వల్ల వచ్చింది.

టైరు తీసెయ్యమనను. దాన్ని నీ హీరో కారుకే పేల్చు, అదీ మొదట్లోనే. పక్క సీట్లో రహస్య ఫైలు, వెనక శత్రువు, రోడ్డు మీద ఒక్క లారీ. ఆ క్షణంలో అతను ఏం వదులుకుని ఏం కాపాడుకుంటాడో రాయి. కరెంటు సంగతికొస్తే, ఆ ఊళ్లో రోజూ రాత్రి ఎనిమిదింటికి పోతుందని హీరో ముందే కనిపెట్టినట్టు రెండో పేజీలో ఒక్క వాక్యం వెయ్యి.

తిరగరాసి సంక్రాంతిలోపు పంపు. ఎదురుచూస్తుంటాను.