బయోటెక్నాలజీ ఇష్టమైతే బైపీసీయే తీసుకోవాలా?

చెల్లీ, టెన్త్‌లో 600కి 571 వచ్చాయని, బయోటెక్నాలజీ చదవాలనుందని, హనుమకొండలో అందరూ బైపీసీలో చేరమంటున్నారని రాశావు. ముందుగా, ఇన్ని మార్కులు తెచ్చుకున్నందుకు చాలా సంతోషం. మాది నర్సంపేట దగ్గర పల్లె. నా టెన్త్ అయినప్పుడు నాదీ ఇదే ప్రశ్న, కానీ అడుగుదామంటే తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

నాకు ఈ ఇష్టం మా పత్తి చేనులో మొదలైంది. దసరా సెలవుల్లో నాన్న ఒక కాయ పగలగొట్టి చూపించాడు. గింజ పక్కన గులాబీ రంగు పురుగు, చుట్టూ దూది నల్లబడిపోయింది. "బీటీ విత్తనమే కదా వేసింది, మరి పురుగెట్లా వచ్చింది నాన్నా?" అంటే ఆయన దగ్గర జవాబు లేదు. బీటీ అంటే మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా. దాని జన్యువును పత్తిలో పెడితే, అది తయారుచేసే ప్రొటీన్ తిని పురుగు చావాలి. 2002లో మన దేశంలో దీనికి అనుమతి వచ్చింది. ఏళ్ల తరబడి అదే విత్తనం వేయడం, చేను చుట్టూ బీటీ కాని పత్తి (అందులో బతికే మామూలు పురుగులు తట్టుకునే వాటితో కలిసి ఆ గుణాన్ని పలచన చేస్తాయి) వేయకపోవడం వల్ల గులాబీ పురుగు దాన్ని తట్టుకునేలా మారిపోయింది. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఆ ఊపులోనే బైపీసీలో చేరాను. కాలేజీలో అడిగితే "బయోటెక్ అంటే బైపీసీయే" అన్నారు. సెకండియర్‌లో గానీ తెలియలేదు, కేంద్ర ఇంజినీరింగ్ కాలేజీ అయిన వరంగల్ నిట్‌లో బీటెక్ బయోటెక్నాలజీ కావాలంటే జేఈఈ మెయిన్ రాయాలని, ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండి తీరాలని. కాజీపేట బస్సులో రోజూ ఆ గేటు ముందు నుంచే పోయేదాన్ని. చాలా ఏడ్చాను.

అందుకే చెప్తున్నా, లెక్కలంటే భయం లేకపోతే ఎంపీసీని పక్కన పెట్టకు. డాక్టర్ కోర్సుల పరీక్ష నీట్ కూడా మనసులో ఉంటే మాత్రం బైపీసీయే. దానితోనూ దారులున్నాయి: ఈఏపీసెట్‌తో బీటెక్ బయోటెక్నాలజీలో చేరొచ్చు, సైన్స్ డిగ్రీలు చెప్పే కేంద్ర సంస్థలైన ఐసర్‌ల పరీక్ష రాయొచ్చు. ఐసర్ పరీక్షలో మ్యాథ్స్ ప్రశ్నలూ ఉంటాయి, గుర్తుపెట్టుకో. నేను డిగ్రీ చేసి, కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివాను.

ఇప్పుడు మేడ్చల్ వైపు ఒక విత్తనాల ల్యాబ్‌లో చేస్తున్నా. పత్తి ఆకు ముక్కను చిన్న గొట్టంలో నూరి, పరీక్ష చేసే కాగితం స్ట్రిప్ ముంచుతాం. రెండు గీతలొస్తే బీటీ ప్రొటీన్ ఉన్నట్టు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కోసారి ఇదే పని. మార్కుల కంటే ముందు, ఇలాంటి పని ఓపికగా చేయగలవా అన్నది చూసుకో.

ఈ ఆదివారం ఇంట్లోనే ఒకటి చేసి చూడు. సగం అరటిపండు మెత్తగా నలిపి, కాస్త ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్, నీళ్లు కలిపి పది నిమిషాలుంచి ఒక గ్లాసులోకి వడగట్టు. స్పిరిట్‌కు మంట అంటుకుంటుంది కాబట్టి పొయ్యికి దూరంగా కూర్చుని, చల్లటి సర్జికల్ స్పిరిట్‌ను గ్లాసు అంచు మీదుగా మెల్లగా పోయ్. గబగబా పోస్తే రెండూ కలిసిపోతాయి. కాసేపటికి మధ్యలో తెల్లటి పోగులు తేలతాయి. జన్యువులుండే డీఎన్‌ఏ వాటిలోనే ఉంటుంది. పుల్లతో చుట్టి మీ అమ్మకు చూపించు.