ఎక్స్‌కామ్‌లో కవర్ వెనకే ఉన్నా నా సైనికులు ఎందుకు చనిపోతున్నారు?

2012లో వచ్చిన ‘ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్’ వంతులవారీగా (టర్న్‌లలో) ఆడే వీడియో గేమ్. ఇందులో సగం కవర్ (పొట్టి అడ్డు) 20, పూర్తి కవర్ (ఎత్తైన అడ్డు) 40 డిఫెన్స్ ఇస్తాయి, అంటే శత్రువు తూటా తగిలే అవకాశం అంత తగ్గుతుంది. శత్రువు పక్కకు తిరిగొచ్చి కాల్చాడంటే ఆ రక్షణ సున్నా. పైగా క్రిటికల్ దెబ్బ (మామూలు కన్నా ఎక్కువ నష్టం చేసేది) పడే అవకాశం 50 శాతం పెరుగుతుంది. అందుకే గోడ ఏ వైపు ఉందో ముందు చూసుకోండి.

నేను ఎక్కువమందిని పోగొట్టుకున్నది మాత్రం ఇంకో తప్పు వల్ల. అందరినీ కదిపేశాక చివరి సైనికుణ్ణి ఇంకా కనిపించని చోటికి పరిగెత్తించేవాణ్ణి. కొత్త శత్రువుల గుంపు కంటపడేది, వెంటనే కవర్‌లోకి సర్దుకునేది. నాకేమో కాల్చడానికి ఒక్క యాక్షన్ కూడా మిగిలేది కాదు, ఒకటే టెన్షన్. ఇప్పుడు ముందుకెళ్లి చూసే పని మొదటి సైనికుడికే ఇస్తున్నాను. ఎవరైనా చనిపోతే వెంటనే పాత సేవ్ లోడ్ చెయ్యకండి, ఆ టర్న్‌లో ఎవరిని ఏ వరుసలో కదిపారో ఒకసారి గుర్తుచేసుకోండి.