తిని కూర్చో అబ్బయా

కందుకూరు

అబ్బయా,

చందవరం బౌద్ధ స్తూపం దగ్గర ఏడు రోజులు అన్నం, నీళ్లు మాని ధ్యానంలో కూర్చుంటానన్నావంట. మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. కూర్చోవద్దని నేననను, తిండి మానొద్దంటున్నా.

నువ్వు చదివిన ఏడు రోజుల సంగతి బౌద్ధ గ్రంథాల్లో ఉన్నదే. నిరోధ సమాపత్తి అని, మనసు పూర్తిగా ఆగిపోయే సమాధి ఒకటుంది. అందులో మాట, ఆలోచన, ఊపిరి కూడా ఆగుతాయంటారు. మరి చచ్చినవాడికీ అందులో ఉన్నవాడికీ తేడా ఏందని మహాకొట్ఠితుడనే భిక్షువు అడిగితే బుద్ధుడి పెద్ద శిష్యుడు సారిపుత్తుడు చెప్పాడు: చచ్చినవాడికి ఆయువు తీరిపోయి ఒళ్లు చల్లబడుద్ది, ఇంద్రియాలు చెడిపోతాయి. సమాపత్తిలో ఉన్నవాడికి ఆయువూ వేడీ నిలిచే ఉంటాయి, ఇంద్రియాలు తేటగా ఉంటాయి. అయితే అది అనాగామికో (మళ్లీ ఈ లోకంలో పుట్టనివాడు) అర్హంతుడికో (బంధాలన్నీ తెంచుకున్నవాడు), అదీ ఎనిమిది సమాపత్తులూ, అంటే లోతైన ధ్యాన స్థితులన్నీ, పట్టుబడినవాడికేనని విసుద్ధిమగ్గమనే ధ్యాన గ్రంథం చెబుతుంది. ఈ ఏడు రోజుల్లో నా ఆయువు తీరుద్దేమో చూసుకుని మరీ కూర్చోమంటుంది. నువ్వు చూసుకోగలవా?

బుద్ధుడి ఇంకో శిష్యుడు మహాకస్సపుడు పిప్పలి గుహలో ఏడు రోజులు సమాధిలో ఉండి లేచాక ఏం చేశాడనుకున్నావ్? రాజగృహానికి భిక్షకు బయల్దేరాడు.

బుద్ధుడు కూడా జ్ఞానం రాకముందు చారెడు పెసరకట్టు, చారెడు ఉలవకట్టుతో ప్రాణం నిలుపుకున్న రోజులున్నాయి. (మన ఉలవలు అక్కడికీ చేరాయి చూడు!) పొట్ట తడిమితే వెన్నుపూస చేతికి తగిలేదంట. ఇంత చిక్కిన ఒంటితో ధ్యానసుఖం అందదని అన్నం తిన్నాడు. జ్ఞానానికి దారితీసిన ధ్యానాలు అందింది ఆ తర్వాతే. అన్నం తిన్నాడని వెంట తపస్సు చేస్తున్న ఐదుగురూ వదిలేసి పోయారు. నిన్ను కూడా నలుగురు నవ్వుతారు, నవ్వనీ.

పొద్దున్నే రాగిజావ తాగు. పదకొండు లోపల అన్నం, పప్పు, మజ్జిగ. ఆవకాయ జోలికి పోమాక, కూర్చున్నాక కడుపులో మంట మొదలవుద్ది. ఇంకో నాలుగైదు ముద్దలు పడతాయనగా ఆపి నీళ్లు తాగు, ఇది సారిపుత్తుడు చెప్పిన కొలతే. మధ్యాహ్నం దాటాక నిమ్మకాయ నీళ్లు చాలు. మన ఎండలకు నీళ్లు మాత్రం ఒక్కపూట కూడా మానమాక. కళ్లు తిరిగితే సమాధి అనుకోకుండా లేచి ఏదైనా తిను.

ముందు ఒక పూట కూర్చుని చూడు, కుదిరితే ఒక రోజు. రోజుల తరబడి కూర్చోవాలంటే నేర్పేవాళ్లుండే ధ్యాన శిబిరానికే పో. అక్కడ వండి పెడతారు, ఒంట్లో బాగాలేకపోతే చూసుకునేవాళ్లుంటారు. షుగరో ఇంకోటో ఉంటే ముందే చెప్పు, దాచమాక.

ఉత్తరం చదివిన వెంటనే మీ అమ్మకు ఫోన్ చెయ్యి.

మీ మామ