కతోలిక బోధన ప్రకారం ఏది నిజమైన శ్రీసభ?

అపోస్తలుల నుంచి తెగకుండా వస్తున్న పీఠాధిపతుల (బిషప్పుల) పరంపర, దాని మూలంగా చెల్లుబాటయ్యే దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీర రక్తాలుగా స్వీకరించే రొట్టె, ద్రాక్షారసం) ఉన్న సంఘాన్నే కతోలిక బోధన సరైన అర్థంలో 'శ్రీసభ' (చర్చి) అంటుంది. పీఠాధిపతి తలమీద చేతులుంచి అభిషేకించిన గురువు లేనిదే ఆ సత్ప్రసాదాన్ని సమర్పించే దివ్యబలిపూజ చెల్లదనీ, ఆ బలిపూజే విశ్వాసులను క్రీస్తు శరీరంగా నిలుపుతుందనీ నమ్మడమే ఈ నిర్వచనానికి ఆధారం. అందుకే పోపు అధికారాన్ని అంగీకరించని ఆర్థడాక్స్ సంఘాలు కూడా, సంపూర్ణ ఐక్యత కొరవడినా, నిజమైన స్థానిక శ్రీసభలే. ఆ పరంపరను నిలుపుకోని ప్రొటెస్టెంటు సంఘాలను మాత్రం 2000లో వాటికన్ వెలువరించిన 'దోమినుస్ యేసుస్' ప్రకటన ఆ పేరుతో పిలవలేదు. ఈ మాట కటువుగానే వినిపిస్తుంది. అయితే ఆ సంఘాల వారు క్రైస్తవులు కారనీ, వారికి రక్షణ లేదనీ దీని అర్థమనుకోవడం పొరపాటు: త్రిత్వ నామమున నీటితో సక్రమంగా ఇచ్చిన ప్రొటెస్టెంటు జ్ఞానస్నానాన్ని కతోలికులు గుర్తిస్తారు, మళ్లీ ఇవ్వరు.