15 కిలోల బ్యాగులోంచి ఏం తీసేయాలి?

డిసెంబర్‌లో 8 రోజులు, ఒడిశాలో పర్లాకిమిడి నుంచి మొదలుపెట్టి మహేంద్రగిరి, రాయగడ, కోరాపుట్, దేవమాలి చూడాలి, బ్యాగు 15 కిలోలు తూగింది, ఏదీ తీయబుద్ధి కావట్లేదు అన్నారు కదా. మాది పర్లాకిమిడే. ఈ దారిలో నాలుగైదుసార్లు తిరిగాను కాబట్టి చెప్తున్నాను, సగం తీసేయండి.

మొదటిసారి నేను వెళ్ళింది శివరాత్రికి. మహేంద్రగిరి ఎక్కి, దిగి, అట్నుంచి అటే గుణుపురం మీదుగా కోరాపుట్ వెళ్దామని 17 కిలోల బ్యాగు వేసుకున్నాను. మూడు జీన్స్ ప్యాంట్లు, దుప్పటి, టర్కీ టవలు, రెండు లీటర్ల స్టీలు బాటిల్, అమ్మ పెట్టిన ఆవకాయ సీసా, ఇంకా ఏవేవో. ఆ కొండ 1,501 మీటర్లు. సగం దారిలో బ్యాగు పట్టీ కుట్టు ఊడిపోతే తువ్వాలుతో కట్టుకుని కూర్చున్నాను. అప్పుడే ఒక ముసలమ్మ, చేతిలో అటుకులూ బెల్లం మూట ఒక్కటే, నన్ను దాటుకుంటూ "ఏటి బాబూ, కాపురం ఎత్తేస్తన్నావేటి?" అంది. నేను పైకి చేరేసరికి ఆవిడ దర్శనం చేసుకుని దిగిపోతోంది.

బరువు సంగతి అలా ఉంచండి, నాకు అసలు దెబ్బ కోరాపుట్‌లో తగిలింది. మా ఊరు కొమ్ముతో చేసే వస్తువులకి పేరు, తెలిసే ఉంటుంది. నేను కాలేజీలో చేరినప్పుడు నాన్న అక్కడి పనివాళ్ళ దగ్గర ఒక కొమ్ము దువ్వెన కొనిచ్చారు. లాడ్జి ఖాళీ చేసే రోజు బ్యాగు మీద మోకాలు పెట్టి జిప్పు లాగాను, అన్నీ సర్దేశాననే అనుకున్నాను, దువ్వెన అద్దం దగ్గరే ఉండిపోయిందని ఇంటికొచ్చిన రెండు రోజులకి గానీ తెలియలేదు. ఫోన్ చేస్తే లేదన్నారు, వాళ్ళనేం అనడానికి లేదు. 1,800 పెట్టి కొన్న జాకెట్ పోయినా అంత బాధపడేవాణ్ణి కాదేమో. నా దగ్గర ఏం ఉందో నాకే తెలియనన్ని సామాన్లు మోసుకుని తిరిగాను, అందుకే పోయింది. ఆ రోజు బ్యాగంతా మంచం మీద కుమ్మరించి లెక్కపెడితే 43 వస్తువులు, అందులో 20 ముట్టుకోను కూడా లేదు.

ఇప్పుడు నా బ్యాగులో ఉండేవి 19. గది వదిలేముందు లెక్కపెడతాను, 18 వస్తే మంచం కింద వెతుకుతాను, అంతే.

మీ విషయానికొస్తే, నీళ్ళతో సహా మోసే బరువు మన ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదని ట్రెక్కింగ్ వాళ్ళు అంటారు, అంటే 60 కిలోల మనిషికి 12. మీరు లాడ్జీల్లోనే పడుకుంటారు కాబట్టి అంత కూడా అక్కర్లేదు, 7 చాలు. జీన్స్ తీసేయండి, దేవమాలి కొండ మీద తెల్లవారుజామున మంచుకి తడిస్తే సాయంత్రానికీ ఆరవు. పల్చటి ప్యాంట్లు రెండు, చొక్కాలు మూడు, రాత్రి ఉతికి ఆరేసుకోవడమే. చలికి టెన్షన్ పడి దుప్పటి మాత్రం మోయకండి. దేవమాలి మీద, 1,672 మీటర్ల ఎత్తులో చలి గట్టిగానే ఉంటుంది, కానీ ఒక స్వెటర్, దానిమీద గాలి దూరని కోటు, చెవులు మూసే టోపీ ఉంటే సరిపోతుంది. పవర్‌బ్యాంక్ 10,000 ఎంఏహెచ్‌ది చాలు, 20,000ది అయితే దాదాపు రెట్టింపు బరువు. సబ్బు, పేస్టు లాంటివి అయిపోతే రాయగడలో కొనుక్కోండి, బజారంతా తెలుగులోనే మాట్లాడొచ్చు. మందులు, టార్చి మాత్రం తీయొద్దు. బరువైనవి వీపుకి ఆనుకునేలా సర్దండి, నడుం బెల్టు బిగించండి, లేకపోతే 7 కిలోలు కూడా భుజాలు కోసేస్తాయి.

తాతగారి వాచీ గురించి అడిగారు. ఇంట్లో పెట్టి రండి. అది లేకుండా కుదరదంటే జేబులో కాదు, చేతికే ఉంచుకోండి, స్నానానికి తీసినా చొక్కా మీదే పెట్టండి. దువ్వెన పోయిందని చెప్తే నాన్న "పోతే పోయిందిలేరా" అని ఇంకోటి కొనుక్కొచ్చారు. దాన్ని మాత్రం గుమ్మం దాటనివ్వను, బయటికెళ్తే ప్లాస్టిక్ దువ్వెనే.

అన్నట్టు పచ్చడి సీసా తేకండి. నాది గుణుపురం బస్సులో ఒలికింది, మూడుసార్లు ఉతికినా ఆ బ్యాగు ఇంకా ఆవకాయ వాసనే.