బ్రిటన్ సైనికుల ఇళ్లలో చెమ్మ, బూజు ఎందుకంత ఎక్కువ?

నా దృష్టిలో అసలు తప్పు 1996లోనే జరిగింది. అప్పటి ప్రభుత్వం సైనిక కుటుంబాలుండే దాదాపు 57,000 ఇళ్లను అన్నింగ్టన్ అనే ప్రైవేటు సంస్థకు సుమారు 166 కోట్ల పౌండ్లకు అమ్మేసి, మళ్లీ వాటినే 200 ఏళ్ల లీజుకు తీసుకుంది. ఆ తర్వాత అద్దె కట్టిందీ రక్షణ శాఖే, రిపేర్లు చేయించాల్సి వచ్చిందీ రక్షణ శాఖే. ఇల్లు మాత్రం తనది కాదు. తనది కాని ఇంటి మీద పెద్ద ఖర్చు పెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది?

దాంతో పిల్లల గది గోడ మీద నల్లటి మచ్చలు, నడి చలికాలంలో ఆగిపోయే బాయిలర్లు. భర్తో భార్యో డ్యూటీ మీద దూరాన ఉంటే, రిపేరు కోసం ఫోన్లు చేసే టెన్షనంతా ఇంట్లో ఉన్నవాళ్లదే. ఇది చాలా అన్యాయం.

2025 జనవరిలో ప్రభుత్వం 36,000కు పైగా ఇళ్లను దాదాపు 600 కోట్ల పౌండ్లకు తిరిగి కొంది. కాబట్టి పాతవాటిని కూలగొట్టి కొత్తవి కట్టే వీలు ఇప్పుడుంది.