దొంగతనం అంటే సరిపోదు

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు ఇంగ్లీషులో రాసిన నేరకథ చదివాను. కథ పట్టుగా నడిచింది, పేచీ అంతా మాటలతోనే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దొంగ కిటికీలోంచి దూరి నగలు పట్టుకుపోతే నువ్వు దాన్ని రాబరీ అన్నావు. రాబరీ కావాలంటే ఎదురుగా మనిషి ఉండాలి, కొట్టో బెదిరించో లాక్కోవాలి. నీ దొంగ చేసింది బర్గ్‌లరీ. అందులో చొరబడటమే అసలు సంగతి. ఇంగ్లండ్‌లో 1968 నాటి థెఫ్ట్ యాక్ట్ ప్రకారం, దొంగిలించాలనే ఉద్దేశంతో దూరితే చాలు, ఉత్త చేతులతో బయటికొచ్చినా అది బర్గ్‌లరీయే. ఎవరూ చూడకుండా బల్ల మీది ఫోన్ జేబులో వేసుకుంటే వట్టి థెఫ్ట్.

మనం అన్నిటినీ దొంగతనం అనేస్తాం కాబట్టి డిక్షనరీ కన్నా ముందు సీన్‌నే అడుగు. అక్కడ ఎవరున్నారు? బలం వాడారా? చేసినవాడి మనసులో ఏముంది?

చావుల దగ్గర ఈ మూడో ప్రశ్నే ప్రాణం. మనిషి మనిషిని చంపితే హోమిసైడ్. ఆత్మరక్షణ కోసం చంపినా ఆ మాటే, నేరం కాకపోవచ్చు కూడా. ఇంగ్లీషు చట్టంలో మర్డర్ అనాలంటే చంపాలనో, కనీసం తీవ్రంగా గాయపరచాలనో ఉద్దేశం ఉండాలి. నీ హీరో కోపంలో అన్నని ఒక్క తోపు తోశాడు, అతను మెట్ల మీంచి పడి చనిపోయాడు. అది మాన్‌స్లాటర్. నువ్వు మర్డర్ అని రాసేసరికి హీరో హంతకుడైపోయాడు, ఆ తర్వాత నాలుగు పేజీల ఏడుపు నేను నమ్మలేకపోయాను.

గాయాల సంగతి తేలిక. కత్తికీ తూటాకీ ఊండ్, ప్రమాదంలో తగిలితే ఇంజురీ, మనసు నొచ్చుకున్నా హర్ట్ సరిపోతుంది. డామేజ్ ఎక్కువగా వస్తువులకి. దానికి ఎస్ తగిలిస్తే మాత్రం కోర్టు ఇప్పించే నష్టపరిహారం. నీ లాయరు జడ్జి ముందు నిలబడి, ఎస్ లేకుండా, తన క్లయింటుకి డామేజ్ కావాలని వాదిస్తుంటే నవ్వాగలేదు!

అసాల్ట్, బ్యాటరీల గొడవ లాయర్లకి వదిలెయ్. చెయ్యెత్తి భయపెట్టడం ఒకటి, దెబ్బ తగలడం ఇంకొకటి అని వాళ్లు విడదీస్తారు. మామూలు మాటల్లో అసాల్ట్ రెండింటికీ చెల్లుతుంది.

అయిదో అధ్యాయంలో అరెస్టు కాగానే హీరోని కన్విక్ట్ అన్నావు. అప్పటికి అతను సస్పెక్ట్ మాత్రమే. అభియోగం మోపాక అక్యూజ్డ్, కోర్టు దోషి అని తేల్చాకే కన్విక్ట్. అది మార్చి, మెట్ల సీన్ మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య